మిరపచేలో క్రిస్మస్ చీరలు

ఆ రోజుల్లో మెడలో కెమెరా వేలాడుతుంటే మనిషి కాస్త ఎత్తు పెరిగినట్టుండేది. ఆ రోజులంటే మరీ పాతవేం కాదు. అప్పటికే ఊళ్ళో సగం మంది చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, వాటిలో కెమెరాలూ ఉన్నాయి. కానీ ఫోన్ పట్టుకు తిరిగేవాళ్ళని ఎవరు పట్టించుకుంటారు? మెడలో నల్లపట్టీ కెమెరా వేసుకున్న తొమ్మిదో తరగతి పిల్లని మాత్రం "ఏ పేపరమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను జగ్గయ్యపేటలో బస్సు దిగి, బడికి దగ్గర దారి వదిలేసి, బజారు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. (బ్యాటరీ అయిపోయిన రోజుల్లో కూడా. ఆ సంగతి చూసేవాళ్ళకేం తెలుసు?)

ఆ కెమెరా నాది కాదు, బడిది. మా బడిలోనే చదువుకుని బాగుపడ్డ ఒక పెద్దమనిషి ఇచ్చి వెళ్ళాడు. అలాంటి వస్తువు సాధారణంగా హెడ్మాస్టరు బీరువాలోకి చేరి మళ్ళీ వెలుగు చూడదు. మా తెలుగు సారు అలా కానివ్వలేదు. శనివారం చివరి పీరియడ్‌ని విలేకరుల క్లాసు చేసేశారు. అప్పట్నుంచీ మేం ఆయన్ని చాటున ఎడిటర్ సారు అనడం మొదలుపెట్టాం. వంతులవారీగా కెమెరా ఇంటికి తీసుకెళ్ళాలి, ఒక మంచి ఫోటో తియ్యాలి, దాని కింద నాలుగు ముక్కలు రాయాలి. సారుకి నచ్చితే నందిగామలో ఆయన ఇంటి దగ్గరున్న స్టూడియోలో పెద్దగా ప్రింటు వేయించి తెచ్చి, వరండాలో గోడపత్రికకి అంటించేవారు. ఆయన చెప్పింది ఒకటే మాట. "ఉన్నది ఉన్నట్టు తియ్యాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నది కింద రాయాలి." వినడానికి ఎంత తేలికో.

చిక్కల్లా మా ఊరివాళ్ళతోనే వచ్చింది. మా వైపు కెమెరా ఎత్తితే చాలు, మనిషి అప్పటిదాకా చేస్తున్న పని ఆపేస్తాడు. టీ కొట్టు బాబాయి టీ పోస్తుండగా తీద్దామని వెళ్ళాను. గిన్నె దించి, బనీను మీద చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, చేతులు రెండూ పక్కలకి పెట్టి నిలబడ్డాడు. నవ్వు బాబాయ్ అంటే, "ఫోటోలో నవ్వేదేందమ్మా" అన్నాడు. సైకిలు బాగుచేసేవాడూ అంతే, పూలమ్మే అవ్వా అంతే. నా మొదటి ఫోటోలు చూసి సారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, "ఇవి వార్తలామ్మా, ఓటరు కార్డులా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా, ఏడుపు రాకుండా.

మళ్ళీ నా వంతు మిరప కోతల రోజుల్లో వచ్చింది. బడి వార్షికోత్సవం దగ్గర పడుతోంది, ఆ రోజు గోడపత్రిక గేటు దగ్గరే పెడతామన్నారు. నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. అమ్మా, పెద్దమ్మా, మా వీధి ఆడవాళ్ళూ కలిసి ఆటోలో కోతకి వెళ్ళేవాళ్ళు. ఎండకీ మిరప ఘాటుకీ చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, తలకి తువ్వాళ్ళు. ఎర్రటి చేలో వంగి వరసగా సాగుతుంటే చూడ్డానికి చాలా బాగుంటారు. ఈసారి సారు నోరు మూయించాలనుకున్నాను. అమ్మతో చెబితే, "రేపొద్దు. రెండో శనివారం నీకు సెలవేగా, అప్పుడు రా" అంది. ఎందుకో నేను అడగలేదు. విలేకరిని కదా, అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

శనివారం పొద్దున్నే చేలోకి దిగి చూద్దును కదా, అందరూ క్రిస్మస్ చీరల్లో ఉన్నారు. మా వీధిలో ఏడాదికొక్కసారి, క్రిస్మస్‌కి తీసే కొత్త చీరలు. జరీ అంచులు, మెరుపులు, మొహాలకి పౌడర్లు, జడల్లో పూలు. అమ్మది నెమలికంఠం రంగు. పెద్దమ్మ అయితే అందర్నీ నిలబెట్టి, "ప్రభువా, ఫోటో బాగా రానియ్యి" అని చిన్న ప్రార్థన కూడా చేసింది. నేను కళ్ళు మూసుకోకుండా చూస్తూ నిలబడ్డాను. ఈలోపు చేను రైతు మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఏందమ్మా, పెళ్ళికి పోతన్నారా?"

"లేదండి. మా అమ్మాయి బళ్ళో గోడ మీద వేస్తదంటండి" అంది అమ్మ.

ఆయన మమ్మల్ని చూశాడు, కెమెరాని చూశాడు, తన మాసిన లుంగీని చూసుకున్నాడు. "కాసేపు ఆగండైతే" అని బండి తిప్పుకుని వెళ్ళి, ఇస్త్రీ చొక్కాతో వచ్చి వరస చివర నిలబడ్డాడు.

మామూలుగా కొయ్యండని బతిమాలాను. చేతులు కోస్తూనే ఉన్నాయి, మొహాలు మాత్రం కెమెరా మీదే. మిరప కొమ్మలు జరీని పట్టి లాగుతుంటే ఒకామె చెట్టుని తిడుతోంది. చెమటకి పౌడర్ చారలు కట్టింది. పెద్దమ్మ పట్టుచీరంత గొప్ప చీర కట్టుకుని, అలవాటు కొద్దీ తలకి గళ్ళ తువ్వాలు చుట్టేసుకుంది. ఆ తువ్వాలు తియ్యవే అని అందరూ కసిరితే, "చీర మార్చుకుంటే ఎండ తగ్గుద్దా?" అంది. అలాగే తీశాను.

సోమవారం సారు కెమెరా తెర మీద ఆ ఫోటో చాలాసేపు చూశారు. "రంగులు బాగున్నాయి. కానీ మిరపచేలో ఇలా ఎవరు కోస్తారమ్మా? ఇది అబద్ధం. వేరేది తీసుకురా" అన్నారు. అమ్మావాళ్ళు అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నారు. వార్షికోత్సవానికి అందరూ వస్తున్నారు, వాళ్ళ ఫోటో చూసుకోవడానికి. గోడ మీద అది లేకపోతే నేనేం మొహం పెట్టుకుని నిలబడాలి?

మర్నాడు బడికి వెళ్ళేముందు మళ్ళీ చేలోకి వెళ్ళాను. అందరూ చొక్కాల్లో ఉన్నారు, సారు అడిగింది అచ్చంగా అదే. కెమెరా ఎత్తాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక్కొక్కరే మెల్లగా అటు తిరిగారు. అమ్మ కూడా. తెర మీద అన్నీ వీపులే. "ఇట్టా వద్దమ్మా" అంది పెద్దమ్మ, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. నేను కెమెరా దించేశాను.

సారు ఒప్పుకోలేదని చెబితే అమ్మ గట్టు మీదకి వచ్చి కూర్చుంది. "ఇది మీ నాన్న చొక్కా. మోచేతి దగ్గర చూడు, ఎట్టా పోయిందో. ఈ చొక్కాలో నన్ను పొద్దస్తమానం అందరూ చూస్తనే ఉన్నారు. గోడ మీద కూడా ఇట్టానే ఉండాలా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. నాకు చాలా బాధేసింది. బస్సుకి టైమయిందన్నాను.

బస్సులో కూర్చుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, సారు చెప్పిన ప్రశ్నలు ఒక్కోటీ అనుకుంటూ పోయాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. ఇవి నేను రాసిచ్చాను. ఎందుకు అన్నది రాయలేదు. కోతలు వచ్చాయి కాబట్టి కోస్తున్నారు, అందులో రాసేదేముందని వదిలేశాను. ఆ పూట లెక్కల క్లాసులో వెనక బెంచీలో కూర్చుని రాసింది ఇది: "మిరపకాయలు కోస్తున్న మా ఊరి ఆడవాళ్ళు. రోజూ వీళ్ళు ఇంట్లో మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని కోస్తారు. ఫోటో తీస్తారని తెలిసి క్రిస్మస్ చీరలు కట్టుకుని వచ్చారు. చొక్కాల్లో తియ్యవద్దన్నారు. చివర నిలబడ్డ రైతు కూడా ఇంటికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు."

సారు అది చదివి, మళ్ళీ ఫోటో చూసి, మళ్ళీ చదివారు. మొదటిసారి రైతు సంగతి దగ్గర నవ్వారు. రెండోసారి నవ్వలేదు. "ఇప్పుడిది నిజమే" అని సాయంత్రం నందిగామకి ప్రింటుకి పట్టుకెళ్ళారు.

వార్షికోత్సవం రోజు అమ్మావాళ్ళు అవే చీరల్లో వచ్చారు (ఇంకే చీరల్లో వస్తారు?). దాంతో ఫోటోలోని వరసంతా ఫోటో ముందు నిలబడ్డట్టయింది. వచ్చినవాళ్ళు గోడని చూసి, వీళ్ళని చూసి, "వీళ్ళేగా" అనుకుంటున్నారు. తువ్వాలు చుట్టి ఫోటో పాడుచేశావని అందరూ పెద్దమ్మ మీద పడ్డారు. అమ్మకి చదువు రాదు. "కింద ఏం రాసావో చదువు" అంది. మొదలుపెట్టాను కానీ చొక్కాల దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"చొక్కాల సంగతి కూడా రాసేసావా?"

"రాయకపోతే సారు వెయ్యరమ్మా."

అమ్మ మళ్ళీ ఫోటో వైపు తిరిగింది. "రాస్తే రాసావులే, ఉన్నదేగా" అంది. తర్వాత ఇంకాస్త దగ్గరికి వెళ్ళి, "చీర రంగు మాత్రం బాగా పడింది" అంది.

ఇప్పుడు నేను నిజంగానే ఒక పేపర్లో పనిచేస్తున్నాను. ఫోన్‌తోనే అన్నీ అయిపోతున్నా, ఊళ్ళ మీదకి వెళ్ళేటప్పుడు కెమెరా మెడలోనే వేసుకుంటాను. ఆ సరదా ఇంకా పోలేదు. మొన్న వీరులపాడు వైపు పత్తి చేలో నన్ను చూడగానే ఆడవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "చీరలు మార్చుకొస్తారా, ఆగుతాను" అన్నాను. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు, నేను గట్టు మీద కూర్చున్నాను. ఆఫీసుకి ఫోటో అందేసరికి ఆలస్యమైంది. డెస్కు నుంచి ఫోన్ చేసి విసుక్కున్నారు కూడా. "పత్తి ఏరేవాళ్ళు ఇంత ముస్తాబుగా ఎందుకున్నారండి?"

"కింద రాశాను, చదవండి" అన్నాను.