తాతయ్య పడవకి మోటారు

నా చిన్నప్పుడు, బడి మొత్తం కంప్యూటర్ తెరలోకి దూరిపోయిన ఆ కరోనా రోజుల్లో, నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. లైప్‌జిగ్‌లో మా ఇంటి పై అంతస్తుకీ కింది అంతస్తుకీ పరుగెత్తడమే నా పని. అమ్మ మీటింగులో ఉండి చేత్తోనే పొమ్మనేది. ఇంకేముంది, వెళ్లి తాతయ్య ప్రాణం తీసేదాన్ని.

మా తాతయ్య ఎప్పుడో కుర్రతనంలో ఈ దేశం వచ్చిన ఇంజనీరు. ఊరి బయట, పాత బొగ్గు గనిలో నీళ్లు నింపి చేసిన సరస్సులో ఆయనకో చిన్న తెరచాప పడవ ఉండేది. అంతకుముందు ఏడాది ఆయన గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి అమ్మమ్మకు ఒకటే గుబులు. సరస్సు నడుమ గాలి పడిపోయి, అదే సమయానికి ఆయనకేమైనా అయితే ఒడ్డుకు చేరేదెలా? మోటారైనా పెట్టించండి, పడవైనా అమ్మెయ్యండి అని తేల్చి చెప్పేసింది.

ఆ సరస్సులో పెట్రోలు మోటార్లు కుదరవు, బ్యాటరీవే పెట్టాలి. నేను ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి, అన్నిటికన్నా పెద్దది ఖాయం చేసేశాను. తాతయ్య ఊఁ అనేవారు కాదు, ఉహూఁ అనేవారు కాదు. షాపుల్లోకి టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంటు, ఉంటేనే రానిచ్చే రోజులు. పొద్దున లేస్తే, "టెర్మిన్ దొరికిందా తాతయ్యా?" అన్నదే నా గొడవ.

చివరికి ఓ శుక్రవారం దొరికింది. తాతయ్య అమ్మమ్మను కూడా రమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. మోటార్ల గురించి ఆవిడకేం తెలుసు? షాపులో నేను తిన్నగా పెద్దదాని దగ్గరికే పరుగెత్తాను. అమ్మేవాడు కూడా అదే బాగుంటుందన్నాడు. తాతయ్య మాస్కు సర్దుకుని కుర్చీలో కూర్చుని, తెలుగులో చెప్పారు.

"నేను పడవలో పడిపోయాననుకోండి. ఇంక మీరిద్దరే. దేంతో నన్ను ఒడ్డుకి చేరుస్తారో చూపించండి."

"శుక్రవారం పూట ఆ పాడు మాటలేంటండీ," అంది అమ్మమ్మ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో అందరం మనసులో పెట్టుకుని, ఒక్కరమూ పైకి అనని మాట అది.

తాతయ్య కదల్లేదు. అమ్మమ్మ కోపంగానే పెద్ద మోటారు మీద చెయ్యి వేసింది. కీళ్లనొప్పులతో వంగిపోయిన ఆవిడ వేళ్లకు అది లేవలేదు. నేను సాయం పట్టినా లేవలేదు. దాని పక్కది లేచింది గాని, పడవ అంచుకు బిగించే మర ఆవిడ చేతికి తిరగలేదు. మూలనున్న చిన్నదాన్ని ఆవిడే ఎత్తింది, ఆవిడే బిగించింది, పిడి తిప్పి చూసింది. మా పడవకు ఆ మాత్రం బలం చాలునని తాతయ్య ముందే చూసుకున్నారట. అదే కొన్నారు. ఇంటికొచ్చేదాకా నేను మూతి ముడుచుకునే ఉన్నాను.

ఆ వేసవిలో ఓ రోజు సరస్సు మీద నిజంగానే గాలి పడిపోయింది. తాతయ్య టోపీ ముఖం మీదికి లాక్కుని, "నేను లేను," అంటూ పడుకున్నారు. అమ్మమ్మ సణుగుతూనే మోటారు వేసి మమ్మల్ని ఒడ్డుకు తెచ్చింది. మళ్లీ పడవ అమ్మే మాట ఎత్తలేదు.

తాతయ్యకు పడవలో ఎన్నడూ ఏమీ కాలేదు. కొన్నేళ్ల తర్వాత ఇంట్లోనే, నిద్రలో పోయారు. ఇంక పడవెందుకు, అమ్మేద్దామంది అమ్మ. ఎండలు రాగానే అమ్మమ్మ నన్ను పిలిచి, "బ్యాటరీ చార్జింగ్‌లో పెట్టవే, వెళ్దాం," అంది.

అదంతా జరిగి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు నాకు అప్పటి ఆవిడ వయసు. వేళ్లూ అలాగే వంగుతున్నాయి. ఇంటికి ఏ వస్తువు కొన్నా, నేను లేని రోజున దాన్ని ఎవరు పట్టుకోవాలో, ముందు వాళ్ల చేతికే ఇచ్చి చూస్తాను.