సంచిలో లేని కత్తి

పన్నెండేళ్ళుగా ఒక చిన్న కత్తిని మోస్తున్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది. మోస్తే మాత్రం నడుం వంగిపోతుంది. మా వీధిలో నేను పేరుపడ్డ కోతలరాయుణ్ణి. చిరుతపులి నన్ను నిప్పెట్టె అడిగిందని చెప్పినా కూర్చుని వింటారు, ఒక్కడూ నమ్మడు. అందుకే ఇది కథ కాదని ముందే చెబుతున్నాను. కథ కాదని నేనంటే ఎవరు నమ్ముతారు? మీకు నేనెవరో తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మేముండేది రేణిగుంట దగ్గర, వంక ఒడ్డున, పల్లంలో. పది పెంకుటిళ్ళు. మా పక్కిల్లు మునెమ్మక్కది. పొద్దున్నే తిరుపతికి పోయి పూలమ్ముకుని సాయంత్రానికి వచ్చేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. దొర అనే నల్లకుక్క, ఒక పిల్లి, అదే ఆమె సంసారం. ఎప్పుడో ఒక వరదలో, రాటకు కట్టేసిన పెయ్యదూడ ఆమె కళ్ళముందే మునిగిపోయిందట. తడిసిన ముడి ఊడిరాలేదు.

అప్పటినుంచి ఆమెకొక నియమం. ఏటా స్వాతి కార్తె రాగానే, వానలు ముదరకముందే, వాకిట్లో కూర్చుని ఒక యూరియా సంచి సర్దేది. పిల్లికి మూత గంప, ఎండుచేపలు. దొరకు వేయించిన రాగిపిండి, బెల్లం. ఒక సత్తుగిన్నె. దెబ్బ తగిలితే పూయడానికి పసుపు, వేపనూనె. తన పాత చీర పేలిక, తెలిసిన వాసన ఉంటే కొత్తచోట బెదరవని. అన్నిటికీ పైన, చేయి పెట్టగానే తగిలేట్టు, జింక కొమ్ము పిడి ఉన్న కత్తి. అది మొగుడిది. ఒకసారి మూతి కట్టాక మళ్ళీ విప్పేది కాదు. మనుషులకే మూట లేదు, కుక్కకు మూటా అని వీధంతా నవ్వేది. దొరకు రైలు టిక్కెట్టు కూడా పెట్టమని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

నాకు రాత్రి గోడౌను కాపలా, పగలు ఇంట్లోనే ఉంటాను. దొర ఒకసారి ఎవరిదో పంచె పట్టి లాగాడు కాబట్టి, ఆమె ఊళ్ళోకి పోయేటప్పుడు వాణ్ణి రాటకు కట్టి పోయేది. ఆ సంవత్సరం సంచి నాకు చూపించి మరీ చెప్పింది.

"నీళ్ళొస్తే ముడి ఇప్పుతా కూసోవద్దప్పా. టెంకాయనార తడిసినాక ఎముడు గూడా ఇప్పలేడు. కోసెయ్."

సరేనన్నాను. నన్ను నమ్మి పని అప్పగించిన మనిషి, బహుశా నా జన్మలో ఆమె ఒక్కతే.

నాలుగు రోజులు తిరక్కముందే ఆ కత్తి తీశాను. దొంగతనం అనుకోలేదు. రోడ్డు మీద టీ అంగట్లో ముందురోజు ఒక కోత కోశాను: మా తాత కార్వేటినగరం కోటలో ఉండగా, ఒంటరిగా చిరుతను చంపితే రాజా వారు కత్తి బహుమానమిచ్చారని. "యాడుండాదిబ్బా ఆ కత్తి?" అని ఎవరో ఎద్దేవా చేశారు. ఉక్రోషం వచ్చింది. ఒక్క పూట చూపించి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. తీసుకుపోయి చూపిస్తే, మొదటిసారి అంగడంతా నోరు తెరుచుకుని చూసింది. అంగడాయన కళ్ళకద్దుకుని, కత్తికి కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఉండనీ అన్నాడు. వెనక్కి ఎలా అడిగేది? పక్కింటి పూలామె కుక్క మూటలోది అని చెప్పేదా? రేపు తెస్తాలే, ఎల్లుండి తెస్తాలే అనుకున్నాను. స్వాతి పోయింది. విశాఖ కార్తె వచ్చింది.

మూడు రోజులు పట్టిన వాన. ఆ రోజు మధ్యాహ్నం, పైన చెరువు తెగిందని కేకలు వినబడ్డాయి. నేను లేచేసరికి వాకిట్లో మోకాలి లోతు నీళ్ళు. జనం రైలుకట్ట మీదికి పరుగెడుతున్నారు. నేను మునెమ్మక్క ఇంట్లోకి పోయి సంచి అందుకున్నాను. అందులో చేయి పెట్టాను. కత్తి లేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఎందుకు వెతికాను? గిన్నె తగిలింది, పేలిక తగిలింది, బెల్లం తడిసి చేతికంటుకుంది.

పిల్లిని గంపలో వేసి మూత కట్టాను. దొర మెడకున్న ముడి పట్టుకున్నాను. గోళ్ళతో లాగాను. పళ్ళతో కొరికాను. నారంతా నోట్లోకి వచ్చింది, ముడి కదల్లేదు. రాటను ఊపాను. ఆడుకుంటున్నాననుకుని వాడు నా మొహం నాకాడు. నీళ్ళు నా నడుం దాకా వచ్చాయి. వాడు వెనక కాళ్ళ మీద నిలబడి, ముందుకాళ్ళు నా భుజాల మీద వేశాడు. ఆ కాళ్ళను నేనే విడదీశాను. గంప నెత్తిన పెట్టుకుని టీ అంగడికి పరుగెత్తాను.

మా ఇంట్లో కత్తిపీట లేదా? ఉంది. గోడకవతలే ఉంది. అది ఆ క్షణాన ఎందుకు తట్టలేదు? ప్రాణం పోతున్నప్పుడు కూడా నా బుద్ధికి తోచింది నా కోతలోని కత్తే.

కుంకుమతో సహా కత్తి తీసుకుని తిరిగొచ్చేసరికి రాట తల మాత్రం నీళ్ళమీద కనిపిస్తోంది. అక్కడికి పోలేకపోయాను. పోలేకపోయానా, పోలేదా? ఈ రెంటికీ మధ్య ఉన్న గీత నాకు ఇప్పటికీ దొరకలేదు. కత్తిని పంచె కింద రొంటిన దోపుకుని రైలుకట్ట ఎక్కాను.

సాయంత్రం ఆమె ఖాళీ పూలబుట్టతో కట్ట వెంబడి నడిచి వచ్చింది. గంపలో పిల్లిని చూసింది. తర్వాత నా చుట్టూ చూసింది.

"దొర యాడప్పా?"

నేను పిల్లి గంపను ఆమె ముందుకు జరిపాను.

"కోసినావా లేదా? సెప్పు!"

"సంచిలో కత్తి లేదక్కా."

"నా చేతులార పెట్టినానే! నువ్వు గూడా సూస్తా ఉంటివే!"

కత్తి పిడి నా కడుపులోకి గుచ్చుకుంటోంది. అప్పుడన్న మాట ఇది. ఎవరూ నాతో అనిపించలేదు.

"మరిసిపోయింటావులేక్కా. వయసయితా ఉండాది కదా."

ఆమె తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "అయింటాదప్పా. నేనే పెట్టలేదేమో. నేనే సంపుకున్నా నా బిడ్డని."

ఆ మొహం చూడలేకపోయాను. "సావలేదక్కా! తాడు కొరుక్కోని ఈదిపోయినాడు. ఈ కండ్లతో సూసినా."

జాలితో అన్నానా, నన్ను నేను కాపాడుకోవడానికి అన్నానా? మొదటిది అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ వినండి, జాలిపడ్డవాడు చేసే పనేనా ఇది: మూడోరోజు నీళ్ళు తీశాక, అందరికంటే ముందు నేనే పల్లంలోకి దిగాను. ఆ కత్తి ఆ తాడును కోసింది, రెండు రోజులు ఆలస్యంగా. వాణ్ణి వంక అవతల ఇసుకలో పూడ్చాను. రాటకు మిగిలిన తాడు కొసను, పళ్ళతో కొరికినట్టు కనబడాలని రాయితో నలిపాను. మునెమ్మక్క ఆ కొసను చూసి ఏడ్చింది, సంతోషంతో. ఇంట్లో దాచుకుంది.

"ఎట్ల ఈదినాడో ఇంకోసారి సెప్పప్పా" అని అడిగేది. చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగేది. చివరికి దొర గూడ్సుబండి ఎక్కి చిత్తూరు వైపు పోయాడు. ఆమె చాలాకాలం స్టేషనులో బండి ఆగినప్పుడల్లా కుక్కల్ని చూసొచ్చేది. తాత కత్తి కోత తర్వాత, నా కోతలన్నిటిలోకీ నమ్మినవాళ్ళున్నది దీనొక్కదానికే.

మునెమ్మక్క ఇప్పటికీ పక్కింట్లోనే ఉంది. మళ్ళీ కుక్కను పెంచలేదు. కానీ సంచిలో దొర వంతు రాగిపిండి పెడుతూనే ఉంది, వస్తే ఆకలిమీద ఉంటాడని. కొత్త కత్తి కొనుక్కుంది. ఏటా స్వాతి కార్తె మొదటిరోజున నన్ను పిలిచి, మూతి కట్టేముందు సంచి తెరిచి పట్టుకుంటుంది. "నా కండ్లను నేను నమ్మనప్పా. నువ్వు సూడు. కత్తి ఉండాదా?" నేను వంగి చూస్తాను. ఉండాదక్కా అంటాను. పన్నెండేళ్ళుగా ఆమె చూపుకు సాక్షిని నేను.

రేపు స్వాతి. పిలుస్తుంది. రేపు ఏమంటానో నాకు తెలియదు. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. జింక కొమ్ము కత్తి ఈ కాగితం పక్కనే ఉంది, కుంకుమ ఎప్పుడో రాలిపోయింది.

అక్కా, నువ్వు మరచిపోలేదు. నువ్వు పెట్టావు. నేను తీశాను.

ఇంతే. ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ కోత లేదు.