సాలుకు అటుపక్క

ఎదురింటి పెద్దమ్మ పోయింది. పోయిన వారం పొద్దున్నే మిరపకోతకు వెళ్ళి, మధ్యాహ్నానికి చేలోనే ఒరిగిపోయింది. కబురు వినగానే కుట్టు మిషను దగ్గర్నుంచి లేచి పరిగెత్తాను. కాయలు పోసుకోవడానికి ఒడి కట్టుకున్న చీర కొంగు అలాగే ఉంది. అందులో కాయలూ అలాగే ఉన్నాయి.

ఆమె మాకు చుట్టం కాదు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో నా దగ్గర మొదట జాకెట్టు కుట్టించుకున్నది ఆమే. తొడుక్కుని చూసి, "ఏమే, ఈ చేతులు నాకు కుట్టావా, మీ ఆయనకి కుట్టావా?" అని వీధి వీధంతా వినబడేలా అడిగింది. అడిగి, ఆ జాకెట్టునే చిరిగేదాకా తొడుక్కుంది.

మా వైపు మిరపకోతలో ఒక్కో సాలుకు, అంటే చెట్ల వరసకు, ఇద్దరు పడతారు, ఇటొకరు, అటొకరు. చెట్ల మీదుగా కబుర్లు చెప్పుకుంటూ సాలు చివరికి కలిసే చేరతారు. పెద్దమ్మకు జత ఆమె కోడలు. అత్తాకోడళ్ళు ఒకే సాలు పట్టడం మా ఊళ్ళో వింతే. కోడలికి ఎదురుగా నిలబడాల్సి వస్తే ఆ రోజుకు జ్వరం తెచ్చుకునే అత్తల్ని చూశాను. వీళ్ళ నవ్వులు మాత్రం గట్టు మీదికి వినిపించేవి.

ఆ కోడలిని పెద్దమ్మ కొడుకు కొట్టి చంపాడు. ఇంటి వాకిట్లో, పార కర్రతో. అప్పుడు నేను పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉన్నాను. తిరిగొచ్చేసరికి వాడు జైల్లో ఉన్నాడు, ఊళ్ళో రాజీ నడుస్తోంది. పిల్లను కన్నవాళ్ళే పెద్దల మాటకు తలొగ్గారు. పోలీసులకు ఒకటి చెప్పిన ఇరుగుపొరుగు కోర్టుకెళ్ళి "మాకేం తెలవదు" అని వచ్చారు. ఇక మిగిలింది పెద్దమ్మ.

పెద్దలు ఆమె ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. "చేలో ఉన్నా, చూళ్ళేదు అను. ఆ ఒక్క మాట చాలు. నీ కొడుకు ఇంటికొస్తాడు... నీ ఇల్లు నిలబడుద్ది" అని నచ్చజెప్పారు. ఆమె అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఔననలేదు, కాదనలేదు. ఆడమనిషి మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క మా పెద్దలకు. మజ్జిగ తాగి నిశ్చింతగా వెళ్ళిపోయారు.

గురజాల కోర్టుకు ఆమెకు తోడు నేనే వెళ్ళాను. బోను ఎక్కబోతూ కొంగు లాగి నడుముకు బిగించింది, సాలు పట్టేముందు బిగించినట్టే.

"ముద్దాయి మీకేమవుతాడు?" అని అడిగారు సర్కారు వకీలు.

"నా కొడుకు. ఒక్కడే."

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"దొడ్లో గేదెకి మేతేస్తన్నా. అరుపు ఇని వాకిట్లోకొచ్చా. వాడి చేతిలో పార కర్ర ఉంది. వద్దురా అన్నా. నే చూస్తండగానే ఇంకో దెబ్బేశాడు. పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకునే పోయింది."

కొడుకు తరపు వకీలు లేచి, కొడుకంటే పగ కాబట్టే ఇలా చెబుతున్నారు కదా అన్నాడు.

"పగేంది అయ్యా? వాడు తిన్నాడో లేదో అని నిన్న కూడా ఏడ్చా. చూశాను గదా మరి. చూళ్ళేదని ఎట్టా చెప్పను?"

ఇన్నేళ్ళుగా నా కుట్టును వెక్కిరించే మనిషేనా ఈమె అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అంత ధైర్యం ఆమె ఎక్కడ దాచుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

కొడుక్కి యావజ్జీవం పడింది. తీర్పు విని కోర్టు వరండాలో కూలబడి ఏడ్చింది. తరవాత ప్రతి పండక్కీ నిమ్మకాయ పచ్చడి సీసా పట్టుకుని జైలుకు ములాఖత్‌కు వెళ్ళేది. వాడు బయటికే వచ్చేవాడు కాదు. "రాలేదే. బాగానే ఉన్నాడంట" అంటూ ఆ సీసా తెచ్చి మా ఇంట్లో పెట్టేది.

ఊరు ఆమెను వెలివేయలేదు. కాకపోతే ఆమెకు జతగా ఎవరూ సాలు పట్టలేదు. తనకున్న ముక్క చేనులో ఇటుపక్క కోసుకుంటూ వెళ్ళి, అటుపక్క కోసుకుంటూ తిరిగొచ్చేది. నేనొస్తానంటే ఒప్పుకోలేదు. "నీ మిషను చూసుకో పోవే. అటుపక్క ఆ పిల్లది. నేనే కోస్తాలే" అంది.

ఆమె పోయిన రోజున ఇటుపక్క కోత అయిపోయింది. అటుపక్క ఎర్రగా అలాగే ఉండిపోయింది.

మర్నాడు వియ్యపురాలు వచ్చింది, చనిపోయిన పిల్ల తల్లి. రాజీకి ఒప్పుకున్నాక ఆమె ఈ ఊళ్ళో అడుగు పెట్టలేదు. ఇంటి ముందు కాసేపు నిలబడి, నన్ను చేనెక్కడని అడిగింది. తీసుకెళ్ళి ఆ సాలు చూపించాను. పెద్దమ్మ అన్న మాట కూడా చెప్పాను.

"ఏ పక్కమ్మా మా పిల్లది?" అంది.

చూపించాను. ఆమె కొంగు లాగి ఒడి కట్టుకుంది. సాలులోకి వంగి, మొదటి కాయ తుంచింది.