ఆషాఢం దాటాక

కళావతిది పెద్దవంగర దగ్గరి తండా. నర్సు కోర్సు పాసై జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో సిస్టర్‌గా చేరి పన్నెండేళ్లయింది. భర్త ప్రేమ్‌సింగ్ భూపాలపల్లిలో బొగ్గు పనికి పోతాడు. కూతురు యమున తండాలోనే అమ్మమ్మ రాధాబాయి దగ్గర పెరుగుతోంది. మొగుడొక జిల్లా, పెండ్లామొక జిల్లా, బిడ్డొక జిల్లా. పేరుకే సంసారం. ముగ్గురూ ఒక్క కప్పు కింద పడుకునే రోజు కోసం ఆమె చేయని ప్రయత్నం లేదు.

వాటిల్లో పెద్దది ఇంగ్లండు. అక్కడ ముసలివాళ్లను చూసుకునే పని ఉందని, పిల్లాజెల్లాతో పోవచ్చని ఎవరో చెబితే, డ్యూటీకీ డ్యూటీకీ నడుమ ఇంగ్లీషు చదివింది. రెండోసారికి పరీక్ష గట్టెక్కింది. తీరా పాసయ్యాక అక్కడి సర్కారు కొత్త రూలు పెట్టింది. మీరు రండి, మీ మొగుణ్ణీ పిల్లల్నీ మాత్రం తేవద్దు అని. వాళ్ల తల్లిదండ్రుల ఒళ్లు తుడవడానికి మన ఆడబిడ్డలు కావాలట, ఆ ఆడబిడ్డల పిల్లలు వద్దట! ఎంత తిట్టినా అక్కడిదాకా వినబడదు గదా.

ఏడాది దాకా ఆమె ఆ ఊసెత్తలేదు. తర్వాత మనసు రాయి చేసుకుని, ఒంటరిగానే పోదామనుకుంది. కొన్నేళ్లు ఓర్చుకుంటే జనగామలో సొంత ఇల్లు, అందులో ముగ్గురు. రెండు వేల ఇరవై ఐదు జూన్ నెలాఖరున, అక్కడి ఒక వృద్ధాశ్రమం వాళ్లు ఫోన్‌లోనే మాట్లాడి ఆమెను తీసుకున్నారు. కాగితాలు పంపితే వీసాకు కావలసిన స్పాన్సర్ పత్రం ఇస్తామన్నారు. వీసా పనులు చూసే ప్రణయ్ వెంటపడ్డాడు.

"అక్కా, రూల్స్ మళ్ల మారుస్తరంటున్నరు. గీ వారంలనే పంపుదాం, జర జల్దీ చెయ్యి."

ఆ వారమే ఆషాఢం పట్టింది.

"పోయినసారి అమావాస్య నాడు పరీక్షకు పేరిచ్చినవ్. ఏమైంది?" అంది రాధాబాయి. "సీత్లా భవానికి మొక్కి, ఆషాఢం ఎల్లినంక పంపు. గింతల్నే మునిగేదేమున్నది?"

ఆ తండాలో ఆషాఢంలో సీత్లా అమ్మవారి పండుగ కాకుండా ఎవరూ మంచి పనికి చెయ్యి పెట్టరు. కళావతికి నమ్మకం కంటే భయమే ఎక్కువ. ఒకసారి చెయ్యి కాలిన మనిషి మరి. శ్రావణం రాగానే పంపుతానంది. ప్రణయ్ తల పట్టుకున్నాడు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు, ఆషాఢం పోయేదాకా పరాయి సర్కారు ఆగుతుందా?

జూలై ఇరవై రెండు, మంగళవారం. తండాలో సీత్లాకు మేకను కోశారు, పశువుల మీద గుగ్గిళ్లు చల్లారు. కళావతి సెలవు పెట్టి వచ్చి, యమున చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని మొక్కింది. సరిగ్గా ఆ రోజే ఇంగ్లండులో తలుపు మూశారు. బయటి దేశాల నుంచి ఈ పనికి ఇక ఎవరినీ తీసుకోరు. సాయంత్రం ప్రణయ్ ఫోన్ చేశాడు.

"ముందుగాల పత్రం అందినోళ్లకు నడుస్తదంట అక్కా. నీకు పత్రమే రాకపాయె."

నోట్లో గుగ్గిళ్లు అట్లాగే ఉన్నాయి.

శ్రావణం మొదటి రోజు శుక్రవారం. పొద్దున్నే రాధాబాయి యమునను వెంటబెట్టుకుని జనగామలో బస్సు దిగి కళావతి గదికి వచ్చింది. సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. కళావతి అప్పటిదాకా తల్లికి చెప్పనే లేదు.

"ఇయ్యాల మంచి దినం బిడ్డా, ఇగ పంపు."

"బందైంది యాడీ." తండాలో తల్లిని అట్లాగే పిలుస్తారు.

"బందేంది?"

"మొన్న మంగళారమే బంద్ పెట్టిండ్రు. వాళ్లకు ఆషాఢం లేదు."

రాధాబాయి కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని గచ్చు మీద కూలబడింది. తల్లిని నాలుగు మాటలనాలని కళావతికి కడుపు మండింది. కానీ సరేనని తలూపింది తనే కదా. ఆ మాట గుర్తొస్తే మంట ఇంకా ఎక్కువైంది.

యమున ముఖం మాత్రం వెలిగిపోయింది. తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది.

"గట్లైతే నువ్వు పోవా అమ్మా? మాతోని తండాకొస్తవా?"

దవాఖాన నుంచి ఫోన్ మోగుతోంది.

"రాను బిడ్డా," అంది కళావతి, చెయ్యి మెల్లగా విడిపించుకుంటూ. "డ్యూటీ ఉన్నది."