పద్నాలుగు నెలల గడువు

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగకుండా నడుస్తున్నాయి. మెట్ల కింద స్టోర్‌రూమ్ అది. ఒక పక్క కాళ్ళు విరిగిన కుర్చీలు, ఇంకో పక్క ఖాళీ అట్టపెట్టెలు, మధ్యలో బల్ల, దాని మీద ఫ్యాను గరగరలాడే పాత కంప్యూటరు. భోజనాల వేళ. నెత్తి మీద మెట్లు దిగేవాళ్ళ చెప్పుల చప్పుడు. పొద్దున పై అంతస్తులో కోడ్‌కు చేసిన మార్పుల్ని ఒక్కొక్కటే తన దగ్గరికి తెచ్చుకుని, తన టూల్ పన్నెండో వెర్షన్‌కు సరిపడేలా దిద్ది, బిల్డ్ మొదలుపెట్టింది. తెర మీద అక్షరాలు పరుగెత్తడం మొదలయ్యాకే రొట్టెముక్క నోట్లో పెట్టుకుంది.

పద్నాలుగు నెలలుగా ఆమె భోజనం ఇలాగే.

వాళ్ళ కంపెనీ చిన్నది. ఆస్పత్రుల్లో మందులు దాచే ఫ్రిజ్‌లకు బిగించే పెట్టెలు చేస్తుంది. లోపల వేడి పెరిగితే ఆ పెట్టె కూత పెడుతుంది. పెట్టెలో నడిచే ప్రోగ్రామును పైవాళ్ళు రాస్తారు. రాసినదాన్ని పెట్టెకు ఎక్కే రూపంలోకి మార్చేది ఒక టూల్. ఆ మార్చే పనినే బిల్డ్ అంటారు. ఆమె పని అదే. పద్దెనిమిదేళ్ళ కిందట పెట్టెల్లో తీగలు అతికించడానికి చేరింది. సోల్డరింగ్ చేసిచేసి కాయలు కాసిన వేళ్ళతోనే టూల్ తాలూకు పుస్తకం పేజీలు ఊడిపోయేదాకా తిరగేసింది. ఎవరూ నేర్పలేదు. అడిగితే చెప్పినవాళ్ళూ లేరు.

టూల్‌కూ ఆయుష్షు ఉంటుంది. చేసినవాళ్ళు కొంతకాలం దానికి మరమ్మతులు పంపుతారు, లోపం బయటపడితే అతుకు వేస్తారు. ఆ గడువు దాటితే ఇక పట్టించుకోరు. గడువు దాటిన టూల్‌తో చేసిన పెట్టెను ఆస్పత్రులు తీసుకోవు. అందుకే ఏ టూల్ ఏ తేదీదాకా బతుకుతుందో ఒక పెద్ద కాగితం మీద గీతలు కొట్టి రాసి, గోడకు అంటించేది. ఆ కాగితం చూసి పై అంతస్తు మేనేజరు ఆమెకు ‘ఎక్స్‌పైరీ అక్క’ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆఫీసంతా పాకింది. ఆఫీసు ఊరుకుంటుందా, ఆయనకూ ఒక పేరు పెట్టింది. ఏది కొత్తగా వచ్చినా ఎగిరి గంతేస్తాడు కాబట్టి ‘లేటెస్ట్ సారు’. కాకపోతే ఆ పేరు ఆయన వీపు వెనకే.

గొడవ మొదలైంది మీటింగ్ గదిలో. లేటెస్ట్ సారు తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, బిల్డ్ టూల్‌లో ఇకనుంచి అందరం పదమూడో వెర్షన్‌కు మారుతున్నామని ప్రకటించాడు. ఆమె లేచి నిలబడింది.

"సార్, పన్నెండుకి నాలుగేళ్ళ సపోర్టు. ఇంకా మూడేళ్ళ పైన మిగిలే ఉంది. పదమూడు రెండు నాలుగేళ్ళ వెర్షన్ల మధ్యలో వదిలిన రకం సార్, దానికి పద్నాలుగు నెలలే."

"పదమూడు పెద్దదా అక్కా, పన్నెండు పెద్దదా?"

"అంకె పెద్దదే సార్. ఆయుష్షు చిన్నది."

"మీ కాలేజీలో లెక్కలు ఇలాగే చెప్పారా?" అని ఆగి, గుర్తొచ్చినట్టు నొసలు కొట్టుకున్నాడు. "అయ్యో, మర్చిపోయాను. మీరు కాలేజీ గేటు బయటనుంచి చూసిన మనిషి కదూ!"

వాళ్ళిద్దరూ కాక గదిలో పదకొండు మంది. పదకొండు మందీ నవ్వారు. ఆమె పక్కన కూర్చునే టెస్టింగ్ బాబాయ్ కూడా ముందు నవ్వి, తర్వాత నాలిక కరుచుకున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా సీటుకు వెళ్ళి, చెప్పిందంతా తేదీలతో సహా మెయిల్‌లో రాసి పంపింది. గంటలో జవాబు వచ్చింది. ‘నిర్ణయం నాది. ఇకపై ఈ విషయం మీద మీరు రాయనక్కర్లేదు.’

మర్నాడు గోడ మీద కాగితం లేదు. ఆమె సీటూ లేదు. ఇదివరకే ఆస్పత్రుల్లో బిగించిన పాత పెట్టెలకు మరమ్మతులు చూసుకోమని మెట్ల కిందికి పంపారు. ఆ పాత పెట్టెలన్నీ పన్నెండు మీదే నడుస్తాయి. లేటెస్ట్ సారుకు తట్టనిది అదే. పన్నెండును ఆమె చేతిలోనే వదిలేశాడు.

ఇంట్లో అత్తగారొక్కరే ఆమెకు తోడు. వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ రోజూ అడిగేది.

"ఇంకా మండుతోందా, చల్లారిందా?"

"మండుతోంది అత్తయ్యా."

"మంచిది, చల్లారనీకు. నేను మా ఆడపడుచుతో పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆ పదకొండేళ్ళూ ఒక్క జలుబు చేస్తే ఒట్టు."

బస్సు నడిపి అలిసొచ్చిన భర్త కంచం ముందు కూర్చుని, "మీ ఇద్దరి మధ్య నీళ్ళ గ్లాసు అడగాలన్నా భయంగా ఉంది నాకు. ఆయనేదో అన్నాడు, నువ్వు విన్నావు. అయిపోయింది కదా" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకుని తినరా. అన్నవాడికి అయిపోతుంది. విన్నవాళ్ళకి అవదు" అంది తల్లి.

ఆమె కావాలనుకున్నది ఒక్కటే. ఆ పదకొండు మంది ముందు, అదే గదిలో, ఆ మనిషి తను రాసిన ఆ జవాబును తన నోటితో చదవాలి. అందుకు చేతిలో సరుకు ఉండాలి. కాబట్టి రోజూ భోజనాల వేళ కొత్త ప్రోగ్రామునంతటినీ పన్నెండు మీదికి తెచ్చుకుంటూ వచ్చింది. టెస్టింగ్ బాబాయ్‌కి మాత్రం సంగతి తెలుసు.

"ముందే చెప్పేద్దామే తల్లీ. ఆస్పత్రుల మందులతో ఆటలెందుకు?" అన్నాడొకసారి.

"మందులకేం కాదు బాబాయ్. బిగించినవన్నీ పన్నెండు మీద ఉన్నాయి, వాటిని నేను చూసుకుంటున్నా. ఆగేది కొత్త ఆర్డరు. ఊగేది ఆయన కుర్చీ."

"అబ్బో, నీతో పెట్టుకోకూడదు."

"నవ్వినప్పుడు గుర్తులేదా?"

బాబాయ్ ఆ వారంనుంచే తన టెస్టు ఫ్రిజ్ ఒకటి ఆమెకు వదిలిపెట్టాడు.

పోయిన శనివారం పదమూడు గడువు ముగిసింది. సోమవారం ఆస్పత్రుల తరఫున తనిఖీ చేసే మేడమ్ దగ్గరనుంచి ప్రశ్నల కాగితం వచ్చింది. గురువారం వస్తాను, నలభై ఆస్పత్రుల కొత్త పెట్టెల్లోకి ఎక్కే బిల్డ్ చూస్తాను అని. మొదటి ప్రశ్నే, మీ టూల్‌కు సపోర్టు ఎప్పటిదాకా?

లేటెస్ట్ సారు మొదట కంగారు పడలేదు. పదమూడు పోతే పద్నాలుగు ఉందిలే అనుకున్నాడు. తీరా ఎక్కించబోతే ఫ్రిజ్‌లో వేడి కొలిచే సెన్సర్ మొరాయించింది. ఆ సెన్సర్ చేసేవాళ్ళు తమ లైబ్రరీని, అంటే సెన్సర్‌ను నడిపే కోడ్‌ను, నాలుగేళ్ళ వెర్షన్లకే ఇస్తారు. పన్నెండుకు ఇస్తారు, మళ్ళీ పదహారుకు. పదహారు ఇంకా పుట్టలేదు. పదమూడుకు ఏదో అతుకు వేసి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. పద్నాలుగు మీద ఆ అతుకు నిలవలేదు. మంగళవారం మధ్యాహ్నానికి పై అంతస్తులో ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు.

యజమాని పెద్దాయన స్వయంగా మెట్ల కిందికి దిగొచ్చాడు. తల వంచి లోపలికొచ్చి, కూర్చోవడానికి చోటు లేక అట్టపెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏమ్మా, బాబాయ్ చెప్పాడు. నీ దగ్గర పన్నెండు మీద అంతా ఉందటగా. నిజమేనా?"

"నిజమేనండీ."

"మరి ఇవ్వవేం?"

"అడగాల్సినవాళ్ళు అడగలేదండీ."

"ఏం కావాలి నీకు?"

"మీటింగ్ గది. అప్పటి పదకొండు మంది. సారు నాకు రాసిన మెయిల్ ఒకటుంది, ఆయనే చదవాలి. అంతేనండీ."

సాయంత్రం నాలుగింటికి అందరూ చేరారు. లేటెస్ట్ సారు చేతికి కాగితం ఇచ్చింది. ఆయన కళ్ళతో చదువుకుని బల్ల మీద పెట్టబోయాడు.

"పైకి సార్" అంది.

"అక్కా, ఇప్పుడు ఇదంతా అవసరమా? అందరం ఒకే టీమ్..."

"టీమ్ సంగతి తర్వాత. రెండు వాక్యాలే కదా, చదవండి. మీరు కాలేజీ లోపలినుంచి చూసినవారు."

చదివాడు. గదిలో ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వకపోవడం ఆమెకు చల్లగా తగిలింది. ఒక్కొక్కరి ముఖం వంతులవారీగా చూసింది, తొందరేం లేదన్నట్టు.

ఆ వెంటనే అందరూ టెస్టు గదికి వెళ్ళారు. బాబాయ్ ఆమె బిల్డ్‌ను పెట్టెలోకి ఎక్కించాడు. వేడి పెంచితే కూసింది. కరెంటు తీసేస్తే కూసింది. చివరగా ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి పెట్టాడు. రెండు నిమిషాలకు కూత రావాలి. రాలేదు. మూడు. నాలుగు. ఆరో నిమిషానికి కూసింది.

లేటెస్ట్ సారు ముఖంలో మళ్ళీ వెలుగొచ్చింది. "తలుపు టైమింగ్ మార్పు నేను రాశాను, మూడు నెలల కింద. అది మీ దాంట్లో లేదేం?"

ఎందుకు లేదో ఆమెకు బాగా తెలుసు. ఆయన మేనేజరయ్యాక కోడ్ రాయడం అరుదు. ఆయన పేరు కనబడిన మార్పు ఏదైనా సరే తెరిచి చూడకుండా పక్కన పెట్టేసింది. పని కాదు, పేరు చూసింది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు.

"వదిలేశాను సార్" అంది. "పొరపాటున కాదు. కావాలనే."

లేటెస్ట్ సారు ఏదో అనడానికి ఊపిరి పీల్చాడు. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"రేపు పొద్దున నా గదికి రండి. మీరు రాసింది పదమూడు పద్ధతిలో ఉంటుంది, పన్నెండుకి మార్చాలి. ఎందుకలా రాశారో చెప్పాలి మీరు."

"మెట్ల కిందికా?"

"కుర్చీ మాత్రం మీరే తెచ్చుకోండి. ఉన్నవాటికి కాళ్ళు లేవు."

బుధవారం ఆయన కుర్చీ మోసుకుంటూ మెట్లు దిగుతుంటే పై అంతస్తంతా తలలు తిప్పి చూసింది. ఆ దృశ్యాన్ని ఇంటికెళ్ళి అత్తగారికి ఎలా చెప్పాలో ఆమె అప్పుడే మనసులో కూర్చుకుంది. కోడ్ తెరిచాక మాత్రం ఆ సరదా కొంత తగ్గింది. ఇరవై ఆరు వరసలు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. తలుపు నిజంగా తెరిచి ఉందా, ఎవరైనా తగిలి కదిలిందా అన్నది మూడుసార్లు చూసుకుని మరీ లెక్క మొదలుపెడుతోంది. పని బాగుంది. ఆమెకు ఒళ్ళు మండింది అందుకే. ఇంత చక్కగా చెయ్యగలిగిన చేతిని పెట్టుకుని, ఈ మనిషి రోజంతా బొమ్మలు చూపిస్తూ తిరుగుతాడు!

"ఈ మూడుసార్లు ఎందుకు?" అడిగింది.

ఆయన చెప్పాడు. ఉపన్యాసంలా కాక, మామూలుగా, పని తెలిసినవాడిలా చెప్పాడు. మధ్యలో ఒకచోట ఆమె తప్పు పడితే ఒప్పుకున్నాడు. లేచి వెళ్ళబోతూ, "అక్కా, ఆ రోజు నేను..." అన్నాడు.

"పన్నెండో వరస దగ్గర ఇంకో బ్రాకెట్ పెట్టాలి సార్" అంది, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. ఆయన క్షమాపణ ఆయన దగ్గరే ఉండనీ అనుకుంది. మధ్యాహ్నం బాబాయ్ తలుపు ఓరగా పెట్టాడు. సరిగ్గా రెండు నిమిషాలకు పెట్టె కూసింది. ఇంకో పదిసార్లు కూయించాకగానీ ఆమె ఊరుకోలేదు.

తర్వాత తనిఖీకి ఇచ్చే పట్టిక రాసింది. టూల్ పేరు, వెర్షన్, సపోర్టు ఎప్పటిదాకా, ఎవరి నిర్ణయం. తలుపు మార్పు ఎదురుగా లేటెస్ట్ సారు హోదా, పేరు రాసింది, పళ్ళు బిగబట్టి. ఆయన చేసిన పని ఆయనదే. దానికి నాలుగు గీతల పైన, పదమూడుకు మారిన నిర్ణయం ఎదురుగా కూడా అదే పేరు రాసింది. అక్కడ పళ్ళు బిగబట్టలేదు.

గురువారం తనిఖీ మేడమ్ వచ్చింది. మాట తక్కువ మనిషి. పట్టిక మీద పెన్ను చివర ఆనించి ఒక్కో వరసా దిగుతూ మధ్యలో ఆగింది.

"పన్నెండు ఉండగా మధ్యలో ఈ పదమూడు ఎందుకొచ్చింది?"

"అంటే మేడమ్, అప్పట్లో మార్కెట్ పరిస్థితులు, టీమ్ విజన్..." లేటెస్ట్ సారు అందుకున్నాడు.

"పరిస్థితులు వద్దండీ. నిర్ణయం ఎవరిది?"

ఆయన పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాదే."

"అయితే ఈ వరస పక్కన సంతకం చెయ్యండి."

చేశాడు. ఆమె ఆ పెన్ను కదిలినంతసేపూ రెప్ప వెయ్యలేదు.

మేడమ్ పట్టిక చివరికొచ్చింది. "బిల్డ్ చేసిందెవరు?"

"నేనండీ."

కింద తన సంతకం పెట్టి, బిల్డ్ ఉన్న డిస్కును ముందుకు జరిపింది. మేడమ్ దాన్ని తన లాప్‌టాప్‌కు తగిలించి, బిల్డ్ మారలేదని తేల్చే సరిచూపు సంఖ్య తెర మీద రాగానే, పట్టికలో ఆమె రాసిన సంఖ్యతో ఒక్కో అంకె చొప్పున పోల్చింది. అన్నీ కలిశాయి. డిస్కును కవరులో పెట్టి, అంచు అంటించి, దాని మీద తేదీ వేసింది. నలభై ఆస్పత్రుల పెట్టెలకు ఇదే బిల్డ్ అని, ముట్టినట్టు రసీదు రాసి చించి ఆమె చేతికిచ్చి, కవరు బ్యాగులో పెట్టుకుని లేచింది.