హోమర్ డన్‌లప్ గారి వీపు

సినిమాల్లో హోమర్ డన్‌లప్‌కి ఉన్న ఆస్తి ఇంతా అంతా కాదు. రైలు కంపెనీలు, వెండి గనులు, న్యూయార్క్‌లో బ్యాంకులు, ఒపేరా నాటకశాలలో విడిగా సొంత బాక్సు. ఒక సినిమాలో ఏదో చిన్న దేశానికి రాయబారి కూడా. బయట మాత్రం విందులకి వేసుకునే ఒక తోకకోటు, ఒక పట్టు టోపీ, ఒక చేతికర్ర, వాటిని పురుగు తినకుండా కాపాడే కలరా ఉండలు. అంతే.

నా పేరు మేబెల్ క్రోల్. తెర మీద నేను హోమర్‌కి ఎన్నిసార్లు పెళ్లాన్నయ్యానో నాకే తెలీదు. బయట మాత్రం ఒకే బోర్డింగ్ ఇంట్లో పక్క పక్క గదుల వాళ్లం. ఇద్దరం హాలీవుడ్‌లో గుంపు నటులం. అందులోనూ కాస్త పై మెట్టు వాళ్లం, ఎందుకంటే విందు సీన్లకి సొంత బట్టలు తెచ్చుకునేవాళ్లకి కూలి ఎక్కువ. మామూలు కోటువాడు వీధి సీనులో నడవాలి, తోకకోటువాడు షాండిలియర్ కింద నిలబడాలి. సినిమాల్లో కోటీశ్వరులంటే ఎవరనుకున్నారు? అద్దె కట్టకపోయినా ఇస్త్రీ మానని మాలాంటివాళ్లే.

గదిలో ఉన్న ఒక్క అల్మరా హోమర్ ఆ కోటుకే ఇచ్చేశాడు. తన చొక్కాలు తలుపు వెనక మేకుకి వేలాడేవి. ప్యాంటు మడత చెడుతుందని షూటింగ్ రోజున పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేవాడు కాదు. విందు బల్ల మీద వేయించిన కోళ్లు నిగనిగలాడుతుండేవి, మేం తినేస్తామని వాటి మీద కిరసనాయిలు చల్లేవాళ్లు. షాంపేన్ అంటే చల్లారిన టీ. ఒకసారి హోమర్ షూటింగ్ నుంచి నేరుగా ఆ కోటులోనే బ్యాంకుకి వెళ్తే మేనేజరు ఎదురొచ్చి, కుర్చీ వేసి, చుట్ట కూడా ఇచ్చాడట. మనవాడు ఆ చుట్ట దర్జాగా వెలిగించి, డాలరు నోటు తీసి, బట్టలుతికే మిషన్లో వెయ్యడానికి చిల్లర కావాలన్నాడు.

ఇక అసలు సంగతి వీపు. మా వృత్తిలో కొత్తగా దిగినవాళ్లందరూ చేసే తప్పు ఒకటే, కెమెరా వైపు ముఖం పెట్టడం. తెర మీద ముఖం స్పష్టంగా పడిందంటే ఆ సినిమాలో ఇక నీకు పని లేదు. విందులో కనబడినవాడే మర్నాడు ఓడ మీదా, ఆ మర్నాడు గుర్రప్పందేల్లోనూ కనబడితే జనం నవ్వుతారు కదా! అదే వీపు అయితే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. హోమర్ ఈ విద్యలో గురువు. కెమెరా ఎటు తిరిగినా అతను దానికి వీపు పెట్టేసేవాడు. పాతికేళ్లు అలా బతికాడు. ఆ వీపుకి రెండు లోపాలు. కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది. చేతులు వెనక్కి కట్టుకుని, బొటనవేలితో రెండో చేతి మణికట్టు గోక్కుంటుంటాడు. "కోటీశ్వరులు అలా గోక్కోరు, హోమర్" అని నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

హోమర్‌కి ఎఫీ అని ఒక అక్క. నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించుకుంటూ ఒంటరిగా ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది ఆవిడే. ప్రతి సినిమాకీ ఒక కార్డు ముక్క రాసేది, "చూశాను, బాగున్నావు" అని.

"పాపం, నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధం రాస్తుంది" అనేవాడు హోమర్. "ఎక్కడ చూసుంటుంది చెప్పు, నేనెప్పుడైనా ఇటు తిరిగితే కదా! ఊళ్లో అందరూ నేనిక్కడ గిన్నెలు తోముతున్నాననే అనుకుంటున్నారట. ఆవిడొక్కతే వాళ్లతో పోట్లాడుతోంది."

ఒక వసంతంలో కార్డు వచ్చింది. కోతలయ్యాక వస్తున్నానని, ఈసారి తమ్ముడి పక్కన కూర్చుని తమ్ముణ్ని తెర మీద చూడాలని. అది చదివి హోమర్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

"పక్కన కూర్చోబెట్టుకుని ఏం చూపించను, మేబెల్? ఇదిగో అక్కా, నా వీపు అని చూపించనా?"

"చూపించు. వీపు తిండి పెట్టడం లేదా?"

"నీకు అక్క లేదు" అన్నాడు.

ఆ వారమే ఒక పెద్ద సినిమా మొదలైంది. మొదట విందు, తర్వాత ఒపేరా, ఆ తర్వాత ఓడ. వీపు జాగ్రత్తగా పెట్టుకుంటే నెలరోజుల పని. అప్పటికి చాన్నాళ్లుగా సాయంత్రం పనులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేస్తే "పని లేదు" తప్ప ఇంకో మాట వినలేదు మేం. మొదటి రోజు మమ్మల్నిద్దరినీ మెట్ల కింద నిలబెట్టారు. హీరో మెట్లు దిగి వస్తున్నాడు, కెమెరా అతని వెంటే వస్తోంది. నేను మామూలుగా అటు తిరిగాను. పక్కన హోమర్ తిరగలేదు. గ్లాసు ఎత్తి, గడ్డం పైకెత్తి, కెమెరాలోకి చూసి చిరునవ్వు నవ్వాడు.

సహాయ దర్శకుడు డగ్గన్ మా దగ్గరికొచ్చాడు. కేకలేస్తాడనుకున్నా, కానీ జాలిగానే చూశాడు.

"ఏమయ్యా హోమర్, నీకేమొచ్చిందివాళ? దర్శకుడికి నచ్చింది, ఉంచేస్తున్నాడు. ముఖం నిండుగా పడింది. రేపట్నుంచి రాకు మరి."

"తెలుసండీ" అన్నాడు హోమర్, రాజ్యం గెల్చినవాడిలా.

తర్వాత నెలంతా అతను గదిలో ఉడకబెట్టిన చిక్కుడు గింజలు తిన్నాడు. నాకు ఓడ మీద డాన్సుకి ఇంకొకణ్ని జత చేశారు. వాడు నా కాళ్లు తొక్కి పచ్చడి చేశాడు. ఆ అక్కెవరో రానీ చెప్తా అనుకున్నాను.

అక్టోబరులో ఎఫీ దిగింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో జామ్ సీసాల బుట్ట. సరిగ్గా అదే వారం సినిమా విడుదలైంది. ముగ్గురం వెళ్లాం. హోమర్ ఆ తోకకోటే వేసుకొచ్చాడు. హాలు గుమ్మంలో అమ్మాయి ఎవరో కోటీశ్వరుడనుకుని భయపడి టికెట్లు చింపకుండానే లోపలికి పంపింది.

విందు సీను వచ్చింది. మెట్లు, హీరో, ఆ పక్కన ఇంత పెద్ద ముఖం. మా హోమర్! గ్లాసెత్తి నవ్వుతున్నాడు. చెప్పొద్దూ, నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఎఫీ మాత్రం మెడ చాచి, తెర మూలలన్నీ వెతుకుతోంది. ఒపేరా వచ్చింది, ఓడ వచ్చింది, ఆవిడ వెతుకుతూనే ఉంది. దీపాలు వెలిగాయి.

"ఒరే హోమరూ" అంది దిగులుగా, "ఇందులో నువ్వు లేవు కదరా. పని మాన్పించేశారా?"

"లేకపోవడమేంటి?" అన్నాన్నేను. "మెట్ల దగ్గర అంత ముఖం కనబడలేదా మీకు?"

"ముఖమా? నేను ముఖాలు చూళ్లేదమ్మా. వీపులు చూస్తున్నా. ఎప్పుడూ వీడు వీపేగా పెట్టేది! ఒక భుజం జారి ఉంటుంది, బొటనవేలితో గోక్కుంటుంటాడు. అచ్చం మా నాన్న. ఒక్క సినిమాలో కూడా పోల్చుకోకుండా ఉండలేదు."

"నిజంగానే చూశావా, అక్కా? అన్నీ?" అన్నాడు హోమర్. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది.

"చూడక? నువ్వు ఊరొదిలి వెళ్లేప్పుడు వెనక్కి తిరిగి చూశావా? రైలెక్కేదాకా ఆ వీపే చూస్తూ నిలబడ్డాను. దాన్ని మర్చిపోతానా?"

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆపుకోలేక అనేశాను. "ఆ ముఖం చూపించడానికి మీ తమ్ముడు నెల్రోజుల పని పోగొట్టుకున్నాడు, తెలుసా? ముఖం పడితే మాకు పనుండదు. మీరేమో వీపులు వెతుకుతారు!"

ఎఫీ బుట్ట ఒళ్లో సర్దుకుంది. "మళ్లీ ఆట వేస్తారుగా, కూర్చోండి" అంది.

కూర్చున్నాం. మెట్ల సీను వస్తోందనగా ఆవిడ లేచి నిలబడింది.

"కూర్చోవమ్మా, మాకు కనబడొద్దూ!" అని వెనక ఎవరో అరిచారు.

"నోర్ముయ్యి, మా తమ్ముడొస్తున్నాడు!"

వచ్చాడు. నవ్వాడు. వెళ్లిపోయాడు. ఎఫీ నెమ్మదిగా కూర్చుని, చేతి రుమాలుతో ముఖమంతా తుడుచుకుంది.

"ముసలాడివైపోయావురా" అంది. ఆ చీకట్లోనే తమ్ముడి చెయ్యి వెతికి పట్టుకుంది. "సరే, చూశాను. ఇంక చాలు. రేపట్నుంచి మళ్లీ అటు తిరిగి నిలబడు. నువ్వెక్కడున్నా నేను పోల్చుకుంటాలే."