అడగని సూప్

నిన్న మా ఆవిడ మందుల చీటీ కోసం వంటింటి సొరుగు వెతుకుతుంటే ఒక చిన్న నోటుపుస్తకం దొరికింది. ముందు పేజీల్లో కిరాణా సరుకులు. వెనక పేజీల్లో, తెలుగు అక్షరాల్లో ఫ్రెంచి. "బోన్‌జూర్ మదామ్. యూన్ సూప్ ఆ లొన్యోఁ, సిల్ వూ ప్లే." కింద అర్థం: ఉల్లిపాయ సూప్ ఒకటి ఇవ్వండి. పక్కన పెన్సిలుతో, "నవ్వుతూ చెప్పాలి."

ఆరేళ్ల కిందట మేముండే సార్నియా నుంచి రెండు రోజులు డ్రైవ్ చేసుకుంటూ, అంతా ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ సిటీ వెళ్లాం. కెమికల్ ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరుని కదా, సెలవును కూడా షిఫ్టులాగే నడిపాను. ఏ గంటకు కోటగోడ, ఏ గంటకు నది ఒడ్డు, అన్నీ కాగితం మీద రాసుకున్నాను. పొద్దున్నే హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టించి ఆవిడ చేత పులిహోర కలిపించాను. ప్లాంటులో అందరికీ భద్రతా పాఠాలు చెప్పే నేనే, పోపు పొగకు అలారం మోగకుండా దానికి షవర్ క్యాప్ తొడిగాను.

మధ్యాహ్నం రాళ్లు పరిచిన ఒక సన్నటి వీధిలో, కిటికీల నిండా పూలకుండీలున్న చిన్న హోటల్ ముందు ఆవిడ ఆగిపోయింది. లోపలి నుంచి వెన్నలో వేగిన ఉల్లిపాయల వాసన.

"ఏమండీ, ఇక్కడ తిందామా? నేనే ఆర్డర్ చేస్తా."

"నువ్వా? ఫ్రెంచిలోనా?" పకపకా నవ్వాను. "పులిహోర పాడైపోదూ? పద పద."

"రెండు నెలల్నుంచి నేర్చుకుంటున్నానండీ. ఒక్కసారి."

"రేపు చూద్దాంలే."

పార్కింగ్‌లో, కారులో కూర్చుని, ఒళ్లో స్టీలు డబ్బాలు పెట్టుకుని తిన్నాం. ఆ రోజు ఆవిడ కళ్లు మూసుకుని చేసుకున్న ప్రార్థన కాస్త పొడుగైంది. ఆమెన్ అనేలోపే నేను రెండు ముద్దలు మింగేశాను. మర్నాడు నా కాగితంలో జలపాతం ఉంది. అటునుంచి అటే ఇంటికి వచ్చేశాం.

రెండు చలికాలాల కిందట స్ట్రోక్ వచ్చి ఆవిడ మాట పడిపోయింది. ఇక రాదని, సార్నియాకు దగ్గర్లోనే ఉన్న లండన్ అనే ఊళ్లో డాక్టర్లు చెప్పేశారు.

నిన్న ఉల్లిపాయ సూప్ నేనే కాచాను. పక్కన కూర్చుని ఆ వాక్యం చదివి, "నువ్వు చెప్పు, నేను నవ్వను" అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. స్పూను దగ్గరికి రాగానే, రోజూ జావకు తెరిచినట్టే నోరు తెరిచింది. అంతే.

ఆ మాట చెప్పడానికి ఆవిడకు అర నిమిషం పట్టేది. నా కాగితంలో ఆ అర నిమిషానికి చోటు లేకపోయింది. ఇప్పుడు మా ఇంట్లో రోజంతా ఖాళీయే.